బొమ్మ కనపడని బొమ్మ: బ్రూగెల్ గీసిన చిత్రకారుడు, కొనేవాడు

[స్క్రీన్ మీద చిత్రం మొత్తం. ఐదు సెకన్లు మాటల్లేవు.]

ముందున్నాయన చిత్రకారుడు. చింపిరి జుట్టు, గుబురు కనుబొమలు, బిగించిన మూతి, చేతిలో లావుపాటి కుంచె. భుజం వెనక నుంచి తొంగిచూస్తున్నది కొనడానికొచ్చిన మనిషి. మరి బొమ్మేదీ? లేదు. ఎంత వెతికినా దొరకదు, కాగితం అంచు దాటి అవతలెక్కడో ఉంది.

నెదర్లాండ్స్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ 1565 ప్రాంతంలో కలంతో, గోధుమరంగు సిరాతో గీశాడు దీన్ని. ఇప్పుడు వియన్నాలోని ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది. ఎత్తు పాతిక సెంటీమీటర్లు, అంతే.

[దగ్గరగా: కళ్లద్దాలు]

కొనేవాడి ముక్కు మీద కళ్లద్దాలు, తెరుచుకున్న నోరు. ఆ రోజుల్లో నెదర్లాండ్స్‌లో ‘కళ్లద్దాలు అమ్మడం’ అంటే మోసం చెయ్యడం. మనం టోపీ పెట్టడం అంటామే, అలా. అందుకే ఎక్కువమంది చెప్పే అర్థం: గీసేవాడు మేధావి, కొనేవాడు మొద్దు.

నాకు అంత తేలిగ్గా మింగుడుపడలేదు. వీడియో ఆపి, కొనేవాడి మొహాన్ని బొటనవేలితో మూసెయ్యండి. చిత్రకారుడి మొహంలో చిన్నచూపు మాయమవుతుంది. పని తెమలక చిరాకుపడే పెద్దాయన మిగులుతాడు. ఇప్పుడు చిత్రకారుణ్ణి మూయండి. వెనకున్నవాడు మొద్దేం కాదు, నచ్చినదాన్ని చూసి మైమరిచిపోయాడు. ఆ వెటకారమంతా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టడంలో ఉంది.

(ముందున్నాయన బ్రూగెలే అంటారు కొందరు. నేనొప్పుకోను. అప్పటికి బ్రూగెల్‌కి నలభై దాటి ఉండదు, ఈయన్ని చూస్తే అరవై కనిపిస్తోంది.)

[దగ్గరగా: నడుము దగ్గర చెయ్యి]

ఈ చెయ్యి చూడండి, డబ్బు సంచిలో ఉంది. బ్రూగెల్ పొయ్యి వెలిగింది ఇలాంటి చేతుల వల్లే. ఆంట్‌వర్ప్ నగరంలో నికోలాస్ యోంగెలింక్ అనే ధనిక వర్తకుడి దగ్గర బ్రూగెల్ బొమ్మలు ఏకంగా 16 ఉండేవి. 1566లో ఇంకొకరి బాకీకి హామీగా తన దగ్గరున్న చిత్రాలన్నీ రాసిచ్చాడా వర్తకుడు, ఆ కాగితం వల్లే మనకీ లెక్క తెలిసింది. అంత మంచి బేరం చేతిలో ఉన్నవాడే కొనేవాణ్ణి ఇలా నోరు వెళ్లబెట్టించాడు మరి!

సంచిలోకి పోతోందా ఆ చెయ్యి, బయటికొస్తోందా? బేరం కుదిరిందా, ఇంకా తడుముకుంటున్నాడా? నాకు చూసినప్పుడల్లా ఒక్కోలా అనిపిస్తుంది. వేళ్లయితే లోపలే ఉన్నాయి. చిత్రకారుడు మాత్రం అటు తిరిగి కూడా చూడట్లేదు.