అందరికంటే చివర తినే మనిషికి ఒక పూట భోజనం

వ్యాఖ్యాత: నమస్కారం. ఆకలిని ఎదుర్కొనే ప్రభుత్వ పథకాల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మన చర్చ రేషన్ బియ్యం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఈ రోజు అంగన్‌వాడీ కేంద్రాల్లో గర్భిణులకు, బాలింతలకు వండి వడ్డించే భోజనం గురించి తెలుసుకుందాం. తెలంగాణలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, బియ్యం కార్డు మీద అందుతున్నప్పుడు ఈ భోజనం విడిగా ఎందుకు?

అతిథి: బియ్యాన్ని నేను తక్కువ చేయనమ్మా. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక, పండుగ పూట తప్ప వరి అన్నం ఎరగని ఎన్నో ఇళ్లలో రోజూ అన్నం ఉడికింది. 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చాక, అర్హులైన ఒక్కొక్కరికీ నెలకు 5 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డున్న కుటుంబానికి 35 కిలోలు హక్కుగా అందుతున్నాయి. అయితే బియ్యం సంచి గడప దాటాక ఆ అన్నం ఎవరి కంచంలో ఎంత పడుతుందో ఏ కార్డూ చెప్పలేదు. మామ, భర్త, పిల్లలు తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే కోడలి వంతు. కడుపుతో ఉన్నప్పుడు కూడా చాలా ఇళ్లలో ఆ వరుస మారదు.

వ్యాఖ్యాత: అందుకే ఆమెను కేంద్రానికే రమ్మంటారన్న మాట.

అతిథి: అవును. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన ఈ ఒక పూట భోజనం, తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో సాగుతోంది. అన్నం, ఆకుకూర పప్పు లేదా కూరగాయల సాంబారు, ఉడికించిన కోడిగుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఐరన్ మాత్రలు కూడా ఇస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఉత్త అన్నంతో అది తగ్గదు.

వ్యాఖ్యాత: మీరు కళ్లారా చూసిన సంగతి ఏదైనా చెబుతారా?

అతిథి: ఒక మధ్యాహ్నం నేను తనిఖీకి వెళ్లిన కేంద్రానికి, పత్తి చేను నుంచి నేరుగా ఒక ఏడో నెల గర్భిణి వచ్చింది. అన్నం తిన్నది, పాలు తాగింది, చేయి కడుక్కుని లేచింది. అప్పుడు ఆమె కొంగున ముడి కనిపించింది, అందులో గుడ్డు ఉంది. ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉందట. ఆయా ఆమెను మళ్లీ కూర్చోబెట్టి, "పిల్ల వంతు పిల్లకుంది, ఇది నీ వంతు" అని, తనే పెంకు ఒలిచి చేతిలో పెట్టింది. మూడేళ్లలోపు పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పొడి, గుడ్లు వేరుగా ఇస్తారు. ఆ పిల్ల పేరు అప్పటికీ నమోదు కాలేదు, ఆ రోజే రాయించాం. తల్లి నోట్లోకి ఆ గుడ్డు వెళ్లాలంటే, బిడ్డకు వేరే గుడ్డు ఉందన్న నమ్మకం ముందు ఆమెకు కలగాలి.

వ్యాఖ్యాత: 2020లో కేంద్రాలు మూతపడినప్పుడు సరుకులు ఇంటికే పంపారు కదా?

అతిథి: పంపాం, అప్పుడు అదొక్కటే దారి. కానీ ఇళ్లకు వెళ్లి అడిగితే, కోడలి గుడ్లు ఇంటిల్లిపాదికీ చేసిన కూరలో కలిసిపోయాయని తెలిసింది. వాళ్లను తప్పుపట్టలేం, పనులు లేక ఇల్లంతా పస్తులున్న రోజులవి. కేంద్రంలో పక్కన కూర్చుని తినిపించే మనిషి విలువ నాకు అప్పుడే బాగా అర్థమైంది.

వ్యాఖ్యాత: ఈ పథకానికి ఇబ్బందులు ఎక్కడ ఎదురవుతున్నాయి?

అతిథి: వేళ దగ్గర. పత్తి ఏరే రోజుల్లో కూలి వదులుకుని మధ్యాహ్నం ఎవరొస్తారు? కేంద్రం తండాకు దూరమైతే నిండు చూలాలు ఎండలో అంత దూరం నడవలేదు. ధరలు పెరిగినా వంట ఖర్చుకు ఇచ్చే డబ్బు పెరగకపోతే ముందు పలుచబడేది పప్పే. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గానీ, పథకం నిలబడేదీ దెబ్బతినేదీ వీటి దగ్గరే.

వ్యాఖ్యాత: వినేవాళ్లలో ఎవరికైనా ఇది అవసరమైతే ఏం చేయాలి?

అతిథి: గర్భం అని తెలిసిన వెంటనే దగ్గర్లోని కేంద్రంలో పేరు రాయించుకోవాలి. కాన్పు తర్వాత ఆరు నెలల వరకు భోజనం పెట్టాలని ఆహార భద్రత చట్టమే చెబుతోంది. రేషన్ కార్డు ఉంటేనే పెడతామనడానికి వీల్లేదు. ఒడిశా నుంచి ఇటుక బట్టీల పనికి వచ్చిన గర్భిణికీ ఇది వర్తిస్తుంది. ఆమెకు మన భాష రాదు, కేంద్రం ఎక్కడుందో తెలియదు. మీ ఊరి బట్టీలో అలాంటి అమ్మాయి కనిపిస్తే, ఒక్కసారి వెంట తీసుకెళ్లి టీచరమ్మకు చూపించండి.