పరుపు వెచ్చగానే ఉంటుంది

శ్రోతలందరికీ నమస్కారం.

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో మా వీధి చివర ఒక కిరాణా కొట్టుంది. కొట్టు పెద్దాయన బేరం ఒడియాలో ఆడతాడు, డబ్బులు మాత్రం తెలుగులో లెక్కపెట్టుకుంటాడు. పెదాలు ‘పది, ఇరవై, ముప్పై’ అని కదులుతాయి, చివర మొత్తం ఎంతయిందో మళ్ళీ ఒడియాలో చెబుతాడు. మా ఊళ్ళో ఇదేం వింత కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా. రెండు భాషలూ ఒకే అరుగు మీద కూర్చోవడం మాకు అలవాటే.

మరి, పక్కపక్కన బతుకుతున్నారు కాబట్టి ఇక గొడవలు రావనుకోవచ్చా? అశుతోష్ వార్ష్ణేయ్ అనే రాజనీతి పండితుడు ఈ ప్రశ్న పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగాడు. ఆయన పరిశోధన 2002లో అచ్చయింది. 1950 నుంచి 1995 దాకా జరిగిన హిందూ ముస్లిం అల్లర్లను లెక్క తీస్తే, చనిపోయినవాళ్ళలో సుమారు 46 శాతం ఎనిమిది నగరాల్లోనే పోయారు. పల్లెల వాటా 4 శాతం కూడా లేదు. టీవీ చూస్తే దేశమంతా తగలబడుతున్నట్టే ఉంటుంది గానీ, ఈ జబ్బు కొన్ని ఊళ్ళనే పట్టుకుని వదలడం లేదు.

ఎందుకని? ఆయన నగరాలను జతలుగా పెట్టి చూశాడు. అలీగఢ్, కోజికోడ్ ఒక జత. రెండు చోట్లా ముస్లింలు నూటికి 36 నుంచి 38 మంది. అలీగఢ్‌లో మాటిమాటికీ అల్లర్లు, కోజికోడ్‌లో ప్రశాంతం. రెండు మతాలవాళ్ళం తరచూ కలిసి భోంచేస్తామని కోజికోడ్‌లో 83 శాతం మంది చెప్పారు, అలీగఢ్‌లో 54 శాతం. ఆ 54 కూడా తక్కువేం కాదు చూడండి. సగం పైగా కలిసి తింటున్నా ఊరు అంటుకుంది. ఊరు చిన్నదైతే ఇరుగుపొరుగు పలకరింపే కాపాడుతుందట. పెద్ద నగరంలో పుకారు లేచిన రాత్రి అది చాలదు. వర్తక సంఘమో కూలీల యూనియనో, రెండు వైపులవాళ్ళూ సభ్యులుగా ఉన్నది ఒకటి కావాలి. గొడవైతే అందరి కొట్లూ మూతపడతాయి, అందరి కూలీ పోతుంది. అందుకే పుకారుని వాళ్ళే తొక్కేస్తారు.

ఆయన చూసిన ఊళ్ళలో సూరత్ కూడా ఉంది. పనికోసం అక్కడికి పోయేవాళ్ళు ఎక్కువ కాబట్టి గంజాంలో సూరత్ తెలియని ఇల్లు అరుదు. 1992 డిసెంబరులో అక్కడ అల్లర్లు రేగినప్పుడు పాత బస్తీ చాలావరకు నిబ్బరంగా ఉంది. ఘోరాలన్నీ వలస కూలీల మురికివాడల్లో జరిగాయి.

మా పక్కింటి కుర్రాడు అక్కడ పవర్‌లూమ్‌లో, అంటే కరెంటు మగ్గాల మీద, చేస్తాడు. పన్నెండు గంటల షిఫ్టు, ఉండేది మెస్‌లో, కూలీలంతా కలిసి తిని పడుకునే గదిలో. ఒకే పరుపు, పగలు ఒకడిది, రాత్రి ఇంకొకడిది. ‘పక్కవాడు ఏ ఊరివాడురా?’ అని అడిగాను. ‘ఏమో మావయ్యా, నేను డ్యూటీ దిగి వచ్చేసరికి వాడు పోతాడు. పరుపు వెచ్చగానే ఉంటుంది, మనిషే కనబడడు’ అన్నాడు. వీడికి సంఘం పెట్టుకునే తీరికెక్కడ? వార్ష్ణేయ్ చెప్పింది నిజమే గానీ, చందా, తీరిక రెండూ ఉన్నవాళ్ళకే అది అందుతుందని నాకనిపిస్తుంది.

మా ఊరి బుఢీ ఠాకురాణి అమ్మవారి జాతర సంగతీ చెప్పాలి. ఏడాది విడిచి ఏడాది చైత్రంలో వస్తుంది. నడిపించేది డేరా అనే తెలుగు మాట్లాడే నేతపనివాళ్ళు, వాళ్ళ పెద్దని దేశిబెహెరా అంటారు. అమ్మవారు వచ్చి దేశిబెహెరా వీధిలోనే దిగుతుంది. మొక్కుకున్నవాళ్ళు, తెలుగువాళ్ళేమిటి, ఒడియావాళ్ళేమిటి, వేషాలు కట్టి తిరుగుతారు. నెలకు పైగా ఊరంతా ఒక పనిలో పడుతుంది. కాకపోతే తెల్లారి ఆ వీధులు ఊడ్చేవాళ్ళని కమిటీలో కూర్చోబెట్టడం నేనెన్నడూ చూడలేదు.

పోయిన జాతరకి మా పక్కింటి కుర్రాడు తల్లి మొక్కు తీర్చడానికి పులి వేషం కట్టాడు. సెలవు అయిపోయింది, జాతర ముగియకముందే సూరత్ రైలెక్కాడు. చెవి వెనక పసుపు రంగు పూర్తిగా వదల్లేదు. అదేమిటని మెస్‌లో ఎవరైనా అడిగారో లేదో, నేను కనుక్కోవడమే మర్చిపోయాను.