కీమో కాగితాన్ని అమ్మమ్మ తెలుగులోకి మార్చడం: ఏఐతో చేయించే పని, చేయించకూడని పని

[విజువల్: విశాఖపట్నం అగనంపూడి, హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి బయట బస్టాప్. పెద్దావిడ ఒళ్లో ఫైలు, పక్కన మనవడు.]

వాయిస్: కీమో ఎక్కించుకుని తిరిగి శ్రీకాకుళమో పాడేరో బయల్దేరేటప్పుడు పెద్దవాళ్ల చేతిలో ఒక ఫైలుంటుంది. అందులో రాసిందంతా ఇంగ్లీషు. నర్సమ్మ ఓపిగ్గానే చెప్పి ఉంటారు కానీ, ఆ నీరసంలో చెవికెక్కింది కొంతే. ఇంటికొచ్చాక మనవడు ఫోన్ తీసి "కీమో తర్వాత ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని ఏఐని అడుగుతాడు. చకచకా పది పాయింట్లు వచ్చేస్తాయి. అక్కడే జాగ్రత్తగా ఉండాలి.

నోట్లో పుండ్లు పడకుండా ఐసు ముక్క చప్పరించమని అందులో ఉండొచ్చు. కొన్ని కీమో మందులకి అది మంచి సలహాయే. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్న వాళ్లకి మాత్రం చల్లదనం పడదు. ఫ్రిజ్‌లోంచి గిన్నె తీసినా వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చల్లనీళ్లు తాగితే గొంతు పట్టేసి, ఊపిరాడట్లేదేమోనని హడలిపోతారు. ఏ మందు ఎక్కించారో చెప్పకుండా అడిగాం కాబట్టి ఏఐ అందరికీ చెప్పేదే చెప్పింది.

అందుకని ఏఐని సలహా అడక్కండి. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితాన్నే దానికిచ్చి, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో విడమరిచి రాయమనండి.

[విజువల్: బల్ల మీద డిశ్చార్జ్ కాగితం. పేరు ఉన్న చోట తెల్లకాగితం ముక్క అడ్డం పెడుతున్న చెయ్యి.]

వాయిస్: ఫొటో తీసేముందు పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి ఫైలు నంబరు, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు వివరాలు కనబడకుండా కప్పేయండి. ప్రింటు కాగితమైతే ఫొటో చాలు. చేతిరాత చీటీని మాత్రం ఫొటో తీసి పంపకండి. మందుల షాపులో ఫార్మసిస్టు చేత చదివించుకుని, మందు పేరు, మి.గ్రా., ఎన్ని పూటలు అన్నది మీరే టైపు చేయండి. చేతిరాతలో తనకు అర్థం కాని అక్షరాన్ని ఏఐ ఊహించేయొచ్చు. ఊహించానని చాలాసార్లు చెప్పదు కూడా.

తర్వాత ఇలా అడగండి.

[స్క్రీన్ మీద, పెద్ద అక్షరాల్లో]
"ఈ కాగితంలో ఉన్నదే చెప్పు. లేనిది కలపొద్దు. అడిగింది ఇందులో లేకపోతే 'కాగితంలో లేదు' అని రాయి. వినేది డెబ్బై ఏళ్ల పెద్దావిడ, చదువుకోలేదు. ఉత్తరాంధ్రలో ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చిన్న చిన్న వాక్యాలు రాయి. అంకెలు మార్చొద్దు. ఐదు విషయాలు మించొద్దు."

వాయిస్: ఇలా చెప్పినా మొదటిసారి పుస్తకాల తెలుగే రావచ్చు. "జ్వర లక్షణాలు గోచరించిన యెడల తక్షణమే వైద్యుని సంప్రదించవలెను" అంటుంది. అమ్మమ్మకి ఇదెందుకు? "ఒళ్లు వేడిగా ఉంటే చూసుకో. 100.4 డిగ్రీలు వచ్చినా, దాటినా, రాత్రైనా సరే, ఆసుపత్రికి పోవాలి" అని రాసేదాకా తిప్పి తిప్పి అడగండి.

ఈ జ్వరం విషయం కాస్త గట్టిగా చెప్పాలి. కీమో ఎక్కించాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే రక్తకణాలు, బాగా పడిపోతాయి. అప్పుడొచ్చే జ్వరాన్ని పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామంటే ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర జ్వరాన్ని అణిచేస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ముసలివాళ్లలో ఒక్కోసారి అసలు జ్వరమే రాదు. మగతగా పడుంటారు, మాట తడబడుతుంది, అన్నం వద్దంటారు. అది కూడా వెళ్లాల్సిన సూచనే. రాత్రి దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది డే కేర్‌లో, అంటే కీమో ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే వార్డులో, ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. బండి లేకపోతే 108.

[విజువల్: గోడ క్యాలెండరు, ఎర్ర, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులు.]

వాయిస్: ఎక్కువగా పొరపాటు జరిగేది మాత్రల దగ్గర. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆక్సాలిప్లాటిన్‌తో పాటు కేపెసిటాబిన్ మాత్రలు ఇస్తుంటారు. మామూలుగా రోజుకి రెండు పూటలా, భోజనం చేసిన అరగంటలోపు, 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. ఏఐని తేదీలు లెక్కకట్టమంటే ఇక్కడే ఒక రోజు అటూ ఇటూ అయిపోవచ్చు. కీమో ఎక్కించిన రోజు రాత్రి నుంచి మాత్రలు మొదలుపెట్టమన్నారనుకోండి. అప్పుడు చివరి డోసు 15వ రోజు పొద్దున పడుతుంది. అందుకే తేదీల లెక్క ఏఐకి వదలకండి. వేసుకునే రోజులకి ఆకుపచ్చ, ఆపే రోజులకి ఎరుపు, క్యాలెండరు మీద మీరే గీయండి. డబ్బాలో మాత్రలు మిగిలాయని ఎర్ర రోజుల్లో కూడా వేసేసుకునే పెద్దవాళ్లుంటారు. విరేచనాలు మామూలు కంటే రోజుకి నాలుగుసార్లు ఎక్కువైతే మాత్రలు ఆపి, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

డోసు సరైనదేనా అని ఏఐని అడక్కండి. అది పుస్తకంలో ఉన్న డోసు చెప్తుంది. కిడ్నీ పనితీరు చూసి, వయసు చూసి డాక్టరు తగ్గించి రాసి ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు డాక్టరు తక్కువిచ్చాడనుకుని అనవసరంగా కంగారుపడతారు. అనుమానముంటే రాసిన డాక్టర్నే అడగండి. బీపీ, షుగరు మాత్రలు, రక్తం పలచబడే మందు, ఎవరో ఇచ్చిన పసరు మందు, అన్నీ సంచిలో వేసుకుని ఆయనకే చూపించండి. రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడుతూ కేపెసిటాబిన్ వేసుకుంటే రక్తస్రావం అయ్యే ప్రమాదముంది.

తిండి గురించి అడిగితే ఓట్స్, బ్లూబెర్రీ అంటుంది. రాగి అంబలి, పప్పు, చేపల పులుసు, మజ్జిగ అని మన ఇంట్లో వండేవి రాసిచ్చి, ఆసుపత్రి కాగితం ప్రకారం ఏవి పర్వాలేదో విడదీయమనండి. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో రాత్రంతా బయట ఉంచిన చద్దన్నం వద్దు. బీచ్ రోడ్డు మురీ మిక్చరూ వద్దు.

[విజువల్: ఏఐ రాసిన పేజీ, పక్కన అసలు కాగితం. పెన్ను మొన ఒక్కో అంకె మీద ఆగుతోంది.]

వాయిస్: ఏఐ రాసిందాన్ని అసలు కాగితం పక్కన పెట్టి, ప్రతి అంకెనీ పోల్చండి. తర్వాత డే కేర్ నర్సుకో ఫార్మసిస్టుకో చూపించండి. వాళ్లు సరే అన్నాకే ఇంట్లో చదివి వినిపించండి.

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వేగం పెంచొచ్చు కానీ తగ్గించలేం. అందుకని రికార్డు చేసేటప్పుడే నెమ్మదిగా చెప్పండి. ఒక్కో ఆడియోలో ఒక్కటే విషయం, నిమిషం లోపు. మెషీన్ గొంతు కంటే మనవరాలి గొంతైతే పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ వింటారు.

విన్నాక "అర్థమైందా?" అని అడక్కండి. పిల్లల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక "ఆఁ, అయింది" అనేస్తారు. "అమ్మమ్మా, రాత్రి జొరమొస్తే ఏటి చేస్తావు?" అని అడగండి. ఆవిడ తన మాటల్లో చెప్పాలి. "పారాసిటమాల్ వేసుకుని పడుకుంటాను" అందంటే మనం చెప్పింది ఆవిడకి అందలేదన్నమాట. ఆవిడని కసురుకోకుండా మాట మార్చి చెప్పి, మళ్లీ అడగండి.

జబ్బు ఎంత ముదిరింది, ఎన్నాళ్లు బతుకుతాం అన్న ప్రశ్నలు ఏఐని అడిగి పెద్దవాళ్లకి వినిపించకండి. అది చెప్పేది ఎక్కడెక్కడివాళ్లవో సగటు లెక్కలు. అంత పెద్ద మాట డాక్టరు ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఎంతవరకు తెలుసుకోవాలనుందో ఆవిడనే అడగాలి. మనం తలుపవతల నిర్ణయించేది కాదు.

[విజువల్: ఫోన్‌లో వరసగా వాయిస్ మెసేజ్‌లు. పాతదాన్ని నొక్కిపట్టి డిలీట్ చేస్తున్న వేలు.]

వాయిస్: ఇంకొక్కటి. ప్రతి ఆడియో మొదట్లో తేదీ, ఎన్నో సైకిల్ (ఎన్నో విడత కీమో) అన్నది చెప్పండి. తర్వాతి సైకిల్‌కి డాక్టరు పూటకి మూడు మాత్రల్ని రెండు చేయొచ్చు. పాత ఆడియో ఆవిడ ఫోన్‌లో ఉంటే మూడే వేసుకుంటుంది. కొత్తది పంపిన రోజే పాతది తీసేయండి. మీ ఫోన్‌లో కాదు, ఆవిడ ఫోన్‌లో.