సెన్సార్ ముద్ర పడని వార్త

సభకు నమస్కారం. విదేశీ విలేకరి ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. జీతాలు, ప్రయాణాల సంగతి తర్వాత. గారెత్ జోన్స్ అనే విలేకరి పేరు ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. చూశారా, నా బాధ ఇదే.

1933 నాటి మాస్కో, సోవియట్ యూనియన్ రాజధాని. విదేశీ విలేకరి రాసిన ప్రతి తంతినీ విదేశాంగ శాఖ సెన్సారుకు చూపించాలి. ఆయన కొట్టేయగా మిగిలినదానికి ముద్ర పడితేనే తంతి ఆఫీసులో తీసుకుంటారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. పైవాళ్ళకు కోపమొస్తే వీసా పోతుంది, దాంతో ఉద్యోగమూ పోతుంది. ఇంకేముంది, సెన్సారు కలం తియ్యకముందే రాసేవాడి చెయ్యి ఆగిపోతుంది. పైగా ఆ మార్చిలోనే బ్రిటిష్ ఇంజినీర్లను అరెస్టు చేశారు. వాళ్ళ విచారణ వార్తలు కావాలంటే సెన్సారుతో తగువు పెట్టుకోకూడదు.

జోన్స్ బ్రిటన్‌లోని వేల్స్ కుర్రవాడు, అప్పటికి 27 ఏళ్ళు. మాస్కోలో ఆయనకు ఆఫీసు లేదు, కాపాడుకోవలసిన కొలువూ లేదు. రష్యన్ వచ్చు కనక దుబాసీతో పనిలేదు. విద్యార్థులారా, ఇది రాసుకోండి: దుబాసీని సర్కారు ఇస్తే, మీకేం వినపడాలో కూడా సర్కారే నిర్ణయిస్తుంది. ఖార్కివ్ రైలెక్కి, మధ్యలోనే దిగి, తిండి సంచితో, అప్పట్లో సోవియట్ యూనియన్‌లో భాగమైన ఉక్రెయిన్ పల్లెల్లో నడిచాడు. రొట్టె లేదు, చచ్చిపోతున్నాం అన్నారు రైతులు.

రైల్లో ఒక కమ్యూనిస్టు కరువే లేదని వాదించాడు. జోన్స్ తను తింటున్న రొట్టె ముక్కను ఉమ్ముతొట్టిలో పడేశాడు. పక్కనున్న రైతు దాన్ని తీసుకుని ఆబగా తినేశాడు. తర్వాత నారింజ తొక్క వేస్తే అదీ తిన్నాడు. ఇక వాదనకేం మిగిలింది?

ఇదంతా ఆయన మాస్కో నుంచి పంపలేదు. బెర్లిన్ చేరి, మార్చి 29న విలేకరులకు చెప్పాడు. రెండు రోజులకే న్యూయార్క్ టైమ్స్ మాస్కో విలేకరి వాల్టర్ డ్యురాంటీ, ఆకలి ఉంది గానీ కరువు లేదని ఖండించాడు. 1932లో డ్యురాంటీకి పులిట్జర్ అనే అమెరికా జర్నలిజం బహుమతి వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకోమంటే 2003లో పులిట్జర్ బోర్డు కుదరదంది. జోన్స్‌కు సోవియట్ తలుపులు మూసేశారు. 1935 ఆగస్టులో, 30వ పుట్టినరోజుకు ఒక రోజు ముందు, చైనా ఉత్తర ప్రాంతంలో బందిపోట్లు ఆయన్ను చంపేశారు.

అందుకే అడుగుతున్నాను, విదేశీ వార్త చదివేటప్పుడు ముందు డేట్‌లైన్, అంటే వార్త మొదట్లో ఉండే ఊరిపేరు, తేదీ చూడండి. అక్కడ కూర్చుని రాసినవాడికి ఎవరి అనుమతి కావలసి వచ్చిందో ఆరా తీయండి. జోన్స్ నోటుబుక్కులు వేల్స్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. మన జర్నలిజం పాఠ్యాంశాల్లో వాటికి ఒక్క తరగతి కేటాయించమని ఇక్కడున్న అధ్యాపకులను కోరుతున్నాను.