తలుపు తీశారు సరే, జీతమెంత?

అందరికీ నమస్కారం.

పెద్ద పబ్లిషింగ్ కంపెనీ ఏదైనా సరే, వార్షిక నివేదికలో వైవిధ్యం గురించి ఒక పేజీ వేస్తుంది. రకరకాల మనుషులు కలిసి నవ్వుతున్న ఫొటో ఒకటి, కింద నాలుగు మంచి మాటలు. ఆ పేజీని వెక్కిరించడానికి నేను రాలేదు. అందులో సాధారణంగా కనబడని ఒక అంకె గురించి మాట్లాడదామని వచ్చాను. అది కొత్తగా చేరినవాళ్ళ జీతం.

అమెరికాలో పిల్లల పుస్తకాలు వేసే లీ అండ్ లో సంస్థ, తమ రంగంలో ఎవరెవరు పనిచేస్తున్నారో 2015లో సర్వే చేసింది. 79 శాతం తెల్లవాళ్ళని తేలింది. 2019లో మళ్ళీ చేస్తే 76 శాతం. ఇది చాలామంది చెప్పే లెక్కే. అదే సర్వేలో ఇంకో రెండు అంకెలున్నాయి చూడండి. 2019లో ఇంటర్న్‌లలో దాదాపు సగం మంది తెల్లవాళ్ళు కారు. ఎడిటోరియల్ విభాగానికి వస్తే మాత్రం 85 శాతం తెల్లవాళ్ళే. గుమ్మం దాకా వచ్చిన పిల్లలు మరి ఏమైపోతున్నారు?

న్యూయార్క్‌లో ఇంటద్దె కట్టినవాళ్ళని అడిగితే చెప్తారు. 2022లో అక్కడి పెద్ద పబ్లిషింగ్ కంపెనీ హార్పర్‌కాలిన్స్‌లో కనీస జీతం ఏడాదికి 45 వేల డాలర్లు. ఇంటి దగ్గర్నుంచి డబ్బు పంపేవాళ్ళుంటే తప్ప ఆ ఊళ్ళో అది ఏ మూలకీ చాలదు. 50 వేలు చేయమనీ, సిబ్బందిలో వైవిధ్యం పెంచడానికి గట్టి హామీ ఇవ్వమనీ సుమారు 250 మంది నవంబర్ 10న సమ్మెకి దిగారు. మంచి చలికాలంలో మూడు నెలలు ఆఫీసు బయటే ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది: ముందు 47,500, 2025 నాటికి 50 వేలు. నన్నడిగితే, ఏ కంపెనీ నివేదికకన్నా ఈ జీతాల ఒప్పందమే వైవిధ్యానికి ఎక్కువ పనికొచ్చే కాగితం.

బ్రిటన్‌లో పెంగ్విన్ రాండమ్ హౌస్ 2016 జనవరిలో ఇంకో పని చేసింది. ఉద్యోగానికి డిగ్రీ ఉండాలన్న షరతు ఎత్తేసింది. పైసా ఖర్చు లేని మంచి పని.

సరే, లోపలికి వచ్చారనుకుందాం. ఏ పుస్తకం వేయాలో తేల్చే మీటింగ్‌లో ఏం జరుగుతుంది? ఎడిటర్‌కి రాతప్రతి నచ్చితే చాలదు. ఇలాంటి పుస్తకాలు ఇంతకుముందు ఏవొచ్చాయి, ఎన్ని కాపీలు పోయాయి అని చూపించాలి. వీటినే కాంప్ టైటిల్స్ అంటారు. వాటిని పట్టుకుని లాభనష్టాల షీటు వేస్తారు. అలాంటి పుస్తకం మునుపెప్పుడూ ఎవరూ వేయకపోతే చూపించడానికేముంటుంది? పాత అలవాటే కొత్త లెక్కై కూర్చుంటుంది. అందుకే ఆ బల్ల దగ్గర ఎవరి మాట చెల్లుతుందన్నది ముఖ్యం. నల్లజాతి రచయిత్రిగా మనందరికీ తెలిసిన టోనీ మారిసన్ 1983 దాకా రాండమ్ హౌస్‌లో ఎడిటర్. ఏంజెలా డేవిస్, టోనీ కేడ్ బంబారా, గేల్ జోన్స్ లాంటి నల్లజాతి రచయితల పుస్తకాలకి ఆమె ఎడిటర్‌గా పనిచేశారు. ఒక్క మనిషికి అధికారముంటే ఎంత తేడా వస్తుందో అక్కడ కనబడుతుంది. ఒక్క మనిషి మీదే ఆధారపడితే ఎంత ప్రమాదమో కూడా.

అమెరికాలో పోలీసు చేతిలో నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగాక, 2020 జులైలో లీసా లూకస్‌ని పెంగ్విన్ రాండమ్ హౌస్‌లోని పాంథియన్ అనే ప్రచురణ విభాగానికి పబ్లిషర్‌గా ప్రకటించారు. ఆ పదవిలో తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. 2024 మేలో తీసేశారు. న్యాయంగా చెప్పాలంటే, అదే కంపెనీలోని నాఫ్ అనే విభాగం పబ్లిషర్ రేగన్ ఆర్థర్‌ని కూడా అప్పుడే తీసేశారు, ఆవిడ తెల్లావిడే. అయినా కొత్త రచయితల జాబితా పండటానికి పట్టే కాలం నాలుగేళ్ళకన్నా ఎక్కువని ఈ హాల్లో ఎవరికి తెలియదు?

ఇక మన సంగతి. ప్రైవేటు కంపెనీలకి కుల రిజర్వేషన్ వర్తించదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాత్రం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంటుంది. మీ ఆఫీసులో ఆ కాగితం ఏ గోడ మీద ఉందో ఓసారి వెతకండి. హైదరాబాద్‌లో ప్రూఫ్ రీడర్ ఖాళీ వస్తే ప్రకటన వేయకముందే "మనవాళ్ళబ్బాయి ఒకడున్నాడు" అని ఫోనొస్తుంది. ఆ అబ్బాయి తెలివైనవాడే కావచ్చు. కానీ పాలమూరులోనో పాడేరులోనో తెలుగు ఎం.ఏ. చేసిన అమ్మాయికి ఖాళీ ఉందనే తెలీదు.

కాబట్టి ఖాళీ వస్తే ప్రకటన వేయండి, జీతమెంతో అందులోనే రాయండి. ఇంటర్న్‌లకి హాస్టల్ ఖర్చుకి సరిపడా స్టైపెండ్ ఇవ్వండి. బడ్జెట్ ఎక్కడుందని వెనక వరుసలోవాళ్ళు అడగబోతున్నారని అర్థమైంది. ఆవిష్కరణ సభల్లో శాలువాలకి ఎంతవుతోందో ముందు మీరు చెప్పండి, మిగతాది లెక్కేద్దాం.