రెండు స్వరాల కల్నల్

శ్రోతలకు నమస్కారం. ముందుగా ఒక ఈల.

(ఈల: ప – గ)

ఇంకోసారి.

(ఈల: ప – గ)

చాలామందికి ఈ రెండు స్వరాలు చాలు, మిగతా బాణీ నోటికి అదే వచ్చేస్తుంది. అది "కల్నల్ బోగీ" అనే మార్చ్, అంటే సైనికులు అడుగు కలిపి నడవడానికి వాయించే బాణీ. సంగీతం నేర్చుకున్నవాళ్ళకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు: శంకరాభరణంలో పంచమం నుంచి గాంధారానికి దిగడం. అంతే.

నా చిన్నప్పుడు మా వీధిలో పెళ్ళి ఊరేగింపు బయల్దేరే ముందు బ్యాండు మాస్టారు ఈ బాణీతోనే ట్రంపెట్ సవరించుకునేవారు. ఎర్రకోటు, భుజాల మీద జరీ, చంకలు మాత్రం చిరుగులు. "మాస్టారూ, ఇది ఏ సినిమాలోదండీ?" అని అడిగాను. "సినిమాది కాదురా అబ్బాయ్, మిలిట్రీది" అన్నారు. ఎవరు కట్టారో ఆయనకీ తెలీదు. నాకు తెలియడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

కట్టినాయన అసలు పేరు ఫ్రెడరిక్ జోసెఫ్ రికెట్స్. 1881లో లండన్ తూర్పు పేటలో ఒక బొగ్గుల వ్యాపారి ఇంట్లో పుట్టారు. చిన్నతనంలోనే అమ్మానాన్నా పోయారు. 1895లో, పద్నాలుగేళ్ళ వయసులో, రాయల్ ఐరిష్ రెజిమెంట్ బ్యాండులో కుర్రవాడిగా చేరారు. ఆ రెజిమెంటుతో మన దేశానికీ వచ్చి కొంతకాలం ఉన్నారు. తర్వాత నెల్లర్ హాల్ అనే సైనిక సంగీత పాఠశాలలో చదువు, 1908లో స్కాట్లాండ్ వాళ్ళ ఆర్గైల్ అండ్ సదర్లాండ్ హైలాండర్స్ పటాలంలో బ్యాండు మాస్టరు ఉద్యోగం. ఇదంతా గబగబా చెప్పేశాను. ఎందుకంటే నేను ఆగాలనుకున్న చోటు ఒకటుంది. అది గోల్ఫ్ మైదానం.

మొదటి ప్రపంచ యుద్ధానికి కొద్దికాలం ముందు ఆ పటాలం స్కాట్లాండ్ ఉత్తరాన ఫోర్ట్ జార్జ్ అనే కోటలో ఉండేది. పక్కనే గోల్ఫ్ మైదానం. గోల్ఫ్ బంతి గట్టిది, తగిలితే బుర్ర పగులుతుంది. అందుకని బంతి ఎవరి మీదికైనా వెళ్తుంటే "ఫోర్!" అని అరవాలి. మన పిల్లలు గోళీలాటలో "తప్పుకో" అన్నట్టు. అక్కడ ఆడే ఒక కల్నల్ గారు మాత్రం అరిచేవారు కాదట. అరవడం నామోషీ అనుకున్నారో, గొంతు నొప్పో. ఈల వేసేవారు. రెండే స్వరాలు.

(ఈల: ప – గ)

ఒకరోజు ఆయనతో ఆడుతున్నది మన బ్యాండు మాస్టరు. బ్యాండు మాస్టరు చెవికి ఈల వినపడితే ఊరుకుంటుందా? ప – గ అని కల్నల్ గారు మొదలుపెట్టారు, దానికి మిగతా తోక రికెట్స్ కొంటెగా తగిలించారు. అలా పుట్టిందని చెప్పుకునే ఆ మార్చ్ బాణీ 1914లో అచ్చయింది. పేరు "కల్నల్ బోగీ". రైలు బోగీ కాదండీ. గోల్ఫ్‌లో ఒక మాదిరి మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో ముగిస్తాడో ఆ లెక్కని ఆ రోజుల్లో బోగీ అనేవారు. లేని ఒక కల్నల్‌ని ఊహించుకుని, ఆయనతోనే పోటీ పడుతున్నాం అని సరదాగా చెప్పుకునేవారు.

అచ్చులో కనిపించింది రికెట్స్ పేరు కాదు, కెన్నెత్ జె. ఆల్ఫర్డ్. సైన్యంలో ఉద్యోగం చేస్తూ బయట పాటలు అమ్ముకోవడం పెద్దలకు గిట్టని రోజులవి. కెన్నెత్ అన్నది పెద్దకొడుకు పేరు, ఆల్ఫర్డ్ అన్నది అమ్మ పుట్టింటి పేరు. ఇంటి నుంచే రెండు పేర్లు తెచ్చుకుని వాటి వెనక దాక్కున్నారు. మరీ బాగా దాక్కున్నారేమో అనిపిస్తుంది నాకు.

ఎందుకంటే 1957లో "ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్" సినిమా వచ్చింది. తెగిపోయిన బూట్లతో యుద్ధఖైదీలు ఈలవేస్తూ నడిచొస్తారు, ఇదే బాణీ. అప్పటికి సైనికులు దీనికి తమ సొంత మాటలు కట్టుకున్నారు, అవి రేడియోలో చెప్పేవి కావు. ఈలే మేలు. ఆ సినిమా సంగీత దర్శకుడు మాల్కమ్ ఆర్నాల్డ్ దీని మీద అమరేలా తన మార్చ్ ఒకటి కలిపారు. జనం మొత్తం ఆయనదే అనుకున్నారు. రికెట్స్ అప్పటికే లేరు. 1927లో రాయల్ మెరీన్స్‌కి, అంటే బ్రిటిష్ నౌకాదళ సైనికుల పటాలానికి, మారి, 1944 వరకు పనిచేసి, 1945 మే 15న పోయారు. ఐరోపాలో యుద్ధం ముగిసి వారమే అయింది.

ఆయన మార్చ్‌లు పద్దెనిమిది దాకా ఉన్నాయి. నాకు మాత్రం 1918 నాటి "ద వానిష్డ్ ఆర్మీ" దగ్గర గొంతు పట్టేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ముందుగా పోయిన లక్షమంది కోసం రాసింది. కాళ్ళు కదిలించాల్సిన మార్చ్, కూర్చోబెట్టేస్తుంది.

ఇంతకీ ఇవన్నీ ఏ బ్యాండుకి రాశారో చెప్పాలి. బ్రాస్ బ్యాండ్ అంటే కార్నెట్, ట్రాంబోన్, యుఫోనియం లాంటి ఇత్తడి వాద్యాలు. మిలిటరీ బ్యాండులో క్లారినెట్లు, ఫ్లూట్లు కూడా ఉంటాయి. ఆల్ఫర్డ్ రాసింది రెండోదానికి. అయినా ఇత్తడి బ్యాండ్ల వాళ్ళు ఆయన్ని మావాడే అంటారు, నేను వాళ్ళ పక్షమే.

ఇక ఒక్క చిన్న పని మీకు. మార్చ్ వింటే మన చెవి పై బాణీ వెంటే పరిగెడుతుంది. ఈసారి దాన్ని వదిలేయండి. కింద, బొంగురు గొంతు వాద్యాల్ని పట్టుకోండి. ఆల్ఫర్డ్ అసలు పనితనం అక్కడుంది. పైన బాణీ ఊపిరి పీల్చుకునే చోట, కింద ఇంకెవరో మాట అందుకుంటారు. ఒకసారి అది వినపడిందంటే ఇక ఈల ఒక్కటే వేయడం కష్టం, ఇంకొకరు కావాలనిపిస్తుంది.

అద్దం అవతల నుంచి మా ఇంజనీరు గారు వేలు చూపిస్తున్నారు, టైమ్ అయిపోయింది. రికార్డు వస్తోంది. మొదట చిన్న ఆర్భాటం ఉంటుంది, దాన్ని పోనివ్వండి. తర్వాతే కల్నల్ గారు బంతి కొడతారు.