అందరూ అన్నీ చూడనక్కర్లేదు: మూడు తరాల కుటుంబంతో విశాఖలో మూడు రోజులు

సభకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి కనుక, పిల్లలనూ పెద్దవాళ్ళనూ వెంటబెట్టుకొని రెండు మూడు రోజుల్లో ఒక నగరం చూసి రావడం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. పది నగరాల పేర్లు చెప్పి పైపైన తడమడం కన్నా, ఒక్క నగరాన్ని తీసుకొని, అక్కడ ఏది ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో వివరంగా చెప్పడమే మేలనిపించి విశాఖపట్నాన్ని ఎంచుకున్నాను.

మన కుటుంబాలు ఊరు చూడడానికి బయలుదేరే పద్ధతి మీకు తెలియనిది కాదు. మోకాళ్ళ నొప్పుల మామ్మగారు, నడక ఇష్టపడే తాతగారు, ప్రతిదానికీ ప్రశ్న వేసే పదేళ్ళ పిల్లవాడు, మధ్యాహ్నం నిద్ర లేకపోతే సాయంత్రమంతా ఏడ్చే మూడేళ్ళ పాప, వీళ్ళందరి మధ్య నలిగే తల్లిదండ్రులు ఒకే బండిలో ఎక్కుతారు, ఒకే చోట దిగుతారు, ఒకే కొండ ఎక్కుతారు. ఎవరూ వెనకపడకూడదు, ఎవరూ ముందుకు పోకూడదు. ఊరేగింపు ఇలా సాగితే బాగుంటుంది గాని, విహారయాత్ర సాగదు. అందరూ అన్నీ చూడనక్కర్లేదని, ఇద్దరు ముగ్గురుగా విడిపోయి, భోజనానికీ సాయంత్రానికీ మళ్ళీ కలుసుకోవచ్చని బయలుదేరే ముందే ఇంట్లో అనుకుంటే సగం చిరాకులు తప్పుతాయి. ఈ పద్ధతికి విశాఖ బాగా అనువైన ఊరు. చూడదగినవి చాలా వరకు ఆర్‌.కె. బీచ్‌ నుంచి భీమిలి దాకా సముద్రం వెంట సాగే ఒక్క రోడ్డు మీదా, దాన్ని ఆనుకొనీ ఉండడమే అందుకు కారణం. ఒకరు లోపలికి వెళ్ళి ఏదైనా చూస్తూంటే, మరొకరు బయట గట్టు మీద కూర్చుని సముద్రం చూడవచ్చు. ఎవరూ ఏమీ పోగొట్టుకున్నట్లు ఉండదు.

ముందుగా కురుసుర జలాంతర్గామి సంగతి. సోవియట్‌ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరిన ఐ.ఎన్‌.ఎస్‌. కురుసుర, 1971 యుద్ధ కాలంలో గస్తీ తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి విరమించింది. తొంభై మీటర్లు దాటిన ఆ ఇనుప దేహాన్ని సముద్రంలోంచి ఒడ్డుకు లాగి, కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు. ఇక్కడ చూసేది నమూనా కాదు, సముద్రం అడుగున నిజంగా మనుషులు బతికిన చోటు. నీటిలో దూసుకుపోయి ఓడలను పేల్చే టార్పెడోల పక్కనే పడకలు, ఒక మనిషి నిలబడితే ఇంకొకరికి చోటుండని వంటగది, గోడల నిండా చక్రాలూ మీటలూ గొట్టాలూ చూసిన పిల్లలు అడిగే ప్రశ్నలకు సమాధానం చెప్పడానికి నౌకాదళంలో పనిచేసి విరమించినవారే తరచు మార్గదర్శకులుగా ఉంటారు. నీళ్ళలో ఉన్నప్పుడు గాలి ఎక్కడిది, ఇంజను ఎలా నడుస్తుంది అని పిల్లల చేత వాళ్ళనే అడిగించండి. డీజిలు ఇంజను మండడానికి గాలి కావాలి కాబట్టి పైకి వచ్చినప్పుడో, నీటి మట్టానికి దగ్గరగా గాలిగొట్టం పైకెత్తినప్పుడో దాన్ని నడిపి బ్యాటరీలు నింపుకుంటారు. లోతుకు వెళ్ళాక ఆ బ్యాటరీల మీదే చప్పుడు లేకుండా కదులుతారు. ఈ ఒక్క సంగతి అర్థమైతే జలాంతర్గామి ఎందుకు అంత భయంకరమైన ఆయుధమో పదేళ్ళ పిల్లవాడికి దానంతటదే తెలుస్తుంది.

అయితే ఇది మామ్మగారికి తగిన చోటు కాదు. ఒక గదిలోంచి మరొక గదికి వెళ్ళే ద్వారాలు గుండ్రంగా, ఇరుకుగా, నేల నుంచి ఎత్తుగా ఉంటాయి. వంగి, కాలెత్తి, తలను కాపాడుకుంటూ దాటాలి. వెనక జనం తోసుకు వస్తూంటే ఆగి ఊపిరి తీసుకోవడానికి కూడా వీలుండదు. చంకలో పాపను ఎత్తుకున్న తల్లికి కూడా ఇది కష్టమే. కాబట్టి తండ్రి పెద్ద పిల్లవాడితో లోపలికి వెళ్ళి, మిగిలినవాళ్ళు బయట ఉండిపోవడంలో లోటేమీ లేదు.

రోడ్డుకు అవతలి వైపున టి.యు.-142 విమానం ఉంది. సముద్రం మీద చాలా దూరం ఎగురుతూ శత్రు జలాంతర్గాములను వెతికే ఈ విమానం 29 ఏళ్ళు పనిచేసి 2017లో విరమించింది. అదే ఏడాది డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్‌ కోవింద్‌ దీన్ని ప్రదర్శనశాలగా ప్రారంభించారు. పొడవు 53 మీటర్లు, రెక్కల విస్తారం 50 మీటర్లు. ఎన్ని ఇంజన్లు, ఎన్ని పంకాలు ఉన్నాయో లెక్కపెట్టమని చిన్నపిల్లలకు చెప్పండి. ఇంజన్లు నాలుగే గాని, ఒక్కొక్క దానికి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి పంకాలున్నాయని వాళ్ళే కనిపెడతారు. దాగేది ఒక పక్కన, దాన్ని వెతికేది ఇంకో పక్కన, మధ్యలో రోడ్డు. కావాలని చేశారో, కలిసి వచ్చిందో గాని, ఈ రెండింటినీ వెంటవెంటనే చూడడం వల్ల కలిగే అవగాహన విడివిడిగా చూస్తే కలగదు. హైస్కూలు చదివే పిల్లలుంటే దగ్గరలోనే ఉన్న విజయ స్మారకం దగ్గర కూడా ఆగి, 1971 డిసెంబరులో పాకిస్తాన్‌ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయిన కథ చెప్పండి.

ఒక జాగ్రత్త. కురుసుర, జంతు ప్రదర్శనశాల రెండూ సోమవారం సెలవు పాటిస్తాయి. శని, ఆది, సోమవారాలు చూసుకొని వెళ్ళే కుటుంబాలు ఈ సంగతి తెలియక చివరి రోజుకు వీటిని అట్టిపెట్టుకొని గేటు దగ్గర నిలబడిపోతూంటాయి. పైగా కురుసుర మామూలు రోజుల్లో మధ్యాహ్నం తరువాతే తెరవడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. వేళలు మారుతూంటాయి కాబట్టి ముందు రోజే కనుక్కోవడం మంచిది.

ఇక సముద్రం. పిల్లలు విశాఖకు వచ్చేది దీని కోసమే. మిగిలినవన్నీ మనం కలిపేవి. ఆర్‌.కె. బీచ్‌ స్నానానికి తగిన తీరం కాదని పోలీసులు బోర్డులు పెట్టి చెబుతూనే ఉన్నారు, ఏటా ఎవరో ఒకరు వినకుండా ప్రాణాల మీదికి తెచ్చుకుంటూనే ఉన్నారు. ఇక్కడ తీరం నెమ్మదిగా కాక ఒక్కసారిగా లోతవుతుంది. విరిగిన అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింది ఇసుకను తోడేస్తుంది. ఒడ్డుకు చేరిన నీరు కొన్నిచోట్ల సన్నని పాయగా కూడి వేగంగా లోపలికి మళ్ళుతుంది. అటువంటి చోట అలలు తక్కువగా విరుగుతాయి కనుక చూసేవారికి అది ప్రశాంతంగా ఉన్నట్లు తోస్తుంది, పిల్లలను సరిగ్గా అక్కడికే తీసుకువెళతారు. పాదాలు తడుపుకోవడం, ఇసుకతో ఆడుకోవడం వరకే ఇక్కడ సరిపెట్టాలి. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ నీలి జెండా గుర్తింపును 2020లో పొందిన రుషికొండ తీరంలో పడవ షికార్లు, జలక్రీడలు ఉన్నాయి. అక్కడైనా లైఫ్‌ జాకెట్‌ వేయకుండా, గజ ఈతగాళ్ళు వద్దన్నచోట పిల్లలను దించకూడదు.

తెల్లవారుజామున బీచ్‌ రోడ్డులో కొంత భాగం మీదికి నడిచేవారి కోసం వాహనాలను రానివ్వరు. మూడు తరాలూ ఒకేసారి ఆనందించగలిగేది ఏదైనా ఉంటే అది ఆ కొద్ది గంటల కాలమే. తాతగారు తమ వేగంతో నడుస్తారు, పాప రోడ్డు మధ్యలో పరుగెత్తుతుంది, ఎవరూ ఎవరినీ చేయి పట్టి లాగవలసిన పని లేదు. విశాఖ ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. కాబట్టి బయట తిరగడం పొద్దున్నా సాయంత్రమూ పెట్టుకొని, పదకొండు నుంచి నాలుగు దాకా గదిలోనే ఉండడం ఉత్తమం. పడుకోని పిల్లలుంటే వాళ్ళను మాత్రం బీచ్‌ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి తీసుకుపోండి. పాతకాలపు బంగళాలో ఉన్న ఆ చిన్న మ్యూజియంలో, 1942 ఏప్రిల్‌లో జపాన్‌ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేసిన రోజులను గుర్తుచేసే బాంబు ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం మన తీరం దాకా వచ్చిందని పెద్దవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

చేపల రేవు చూపించాలనుకునేవారికి ఒక మాట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మన వేసవి సెలవులన్నీ అందులోనే పోతాయి. వేలంపాటలు, బుట్టల హడావుడి చూడాలంటే దసరాకో సంక్రాంతికో వెళ్ళాలి. వేసవిలో వెళితే ఒడ్డున కట్టేసిన బోట్లు, రంగులు వేసుకునేవాళ్ళు, వలలు బాగుచేసుకునేవాళ్ళు కనిపిస్తారు. నా మటుకు నాకు పిల్లలకు ఇదే మంచి దృశ్యమనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఎవరికీ తొందర ఉండదు, అడిగితే చెప్పేవాళ్ళుంటారు.

కైలాసగిరి గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. రోప్‌వే, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు, శివపార్వతుల విగ్రహాలు ఉన్నాయి. రోడ్డు మార్గం కూడా ఉంది కనుక పెద్దవాళ్ళకు ఇబ్బంది లేదు. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. జంతు ప్రదర్శనశాల 625 ఎకరాల విస్తీర్ణంలో, కంబాలకొండ అడవిని ఆనుకొని ఉంది. అంతా నడిచి చూడాలనుకోవడం అత్యాశ. పాపకు ఏనుగు, పులి, జిరాఫీ కనిపిస్తే చాలు, ఆ మూడూ చూసి వచ్చేయండి.

భీమిలి రోడ్డులో సుమారు పదిహేను కిలోమీటర్లు వెళితే తొట్లకొండ వస్తుంది. నన్ను అడిగితే విశాఖ మొత్తం మీద కుటుంబంతో తప్పక చూడవలసింది ఇదే, ఎక్కువమంది బండి ఆపకుండా దాటిపోయేదీ ఇదే. 1976లో నౌకాదళం సర్వే చేస్తూండగా ఈ కొండ మీది బౌద్ధ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. రెండువేల ఏళ్ళ కిందటి స్తూపం, భిక్షువుల గదుల వరుసలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పుడు ఆరుబయట కనిపిస్తాయి. ఇక్కడ శాతవాహన నాణేలతో పాటు రోమన్‌ వెండి నాణేలు కూడా దొరికాయి. కొండ అంచున నిలబెట్టి, కింది సముద్రాన్ని చూపించి, రోము నాణెం ఇక్కడికి ఎలా వచ్చి ఉంటుందో ఊహించమని పిల్లలను అడగండి. వాళ్ళు చెప్పే సమాధానం తప్పయినా, ఓడ, వర్తకం, గాలి, దూరం అన్నీ అందులోకి వస్తాయి. వానాకాలం తప్పితే నీళ్ళు లేని ఈ కొండ మీద వందమందికి తాగునీరు ఎలా అమరిందన్నది ఇంకో ప్రశ్న. తొట్ల దగ్గరికి తీసుకువెళితే వాలును బట్టి వాన నీరు ఎటు పారుతుందో వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు. బండి కొండ పైదాకా వెళుతుంది, మామ్మగారు రావచ్చు. అయితే నీడ తక్కువ. పొద్దున్నే వెళ్ళాలి, నీళ్ళ సీసాలు వెంట ఉండాలి.

అదే దారిలో ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళుగా గాలి, సముద్రం, వాన కలిసి మలిచిన ఈ ఎర్రని ఇసుక గుట్టలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. నిజం చెప్పాలంటే పిల్లలకు దీన్ని చూడగానే జారుడుబల్ల ఆట గుర్తుకొస్తుంది. ఆ అంచులు పట్టు లేనివి. ఎక్కి జారితే గుట్టా పోతుంది, మనిషికీ దెబ్బ తగులుతుంది. లోయ దారుల్లో నడవడానికే ఒప్పుకునే వయసు పిల్లలనే తీసుకువెళ్ళండి. చివర భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు, డచ్చివారి పాత సమాధులు చూసి, విశాఖ రైల్వే స్టేషను దాకా పోయే సిటీ బస్సులో వెనక్కి రావచ్చు. కిటికీ పక్క సీటు దొరికితే పిల్లలకు కారు కన్నా అదే బాగుంటుంది.

తిండి విషయంలో పట్టుదలలు వద్దు. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్‌, బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, వేసవిలో తాటి ముంజలు దొరుకుతాయి. రాత్రికి మాత్రం పెద్దవాళ్ళ అలవాటు ప్రకారం పెందలాడే భోజనం చేసేయాలి.

అరకు సంగతి అడుగుతారని తెలుసు. కొత్తవలస-కిరండూల్‌ మార్గంలో సొరంగాలు దాటుకుంటూ పోయే ఆ రైలు ప్రయాణం గొప్పదే, బొర్రా గుహలు గొప్పవే. కాని పోవడానికే నాలుగు గంటలు పట్టే చోటును మూడు రోజుల నగర యాత్రలో ఇరికిస్తే, ఒక రోజంతా బండిలో గడిచి, మరునాడు అందరూ అలసటతో లేవలేకపోతారు. గుహల్లో మెట్లు కూడా చాలా ఉన్నాయి. అరకును చలికాలానికి విడిగా పెట్టుకోండి.

సింహాచలాన్ని సోమవారానికి ఉంచుకుంటే సరిపోతుంది. ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయ నాడు తప్ప మిగిలిన రోజులన్నీ స్వామి చందనపు పూతలోనే దర్శనమిస్తాడు. ఆ ఒక్క రోజున నిజరూప దర్శనానికి వచ్చే జనంలో పసిపిల్లలతో వెళ్ళడం మంచిది కాదు. అక్షయ తృతీయ కూడా వేసవిలోనే వస్తుంది కనుక టికెట్లు తీసుకునే ముందు పంచాంగం చూసుకోండి. మామూలు రోజున పెద్దవాళ్ళు బస్సులో పైకి వెళ్ళి నింపాదిగా దర్శనం చేసుకోవచ్చు. పిల్లలు మెట్ల దారిన వస్తామంటే, తల్లిదండ్రులలో ఒకరు వాళ్ళతో నడిచి, పైన గుడి దగ్గర కలుసుకుంటే సరి.

మీలో విశాఖవాసులు కొందరు ఉన్నట్లున్నారు. నేను చెప్పిన వేళల్లో, దారుల్లో ఈమధ్య మారినవి ఏవైనా ఉంటే ఇప్పుడు లేచి చెప్పండి, వెళ్ళబోయేవారు రాసుకుంటారు.